నన్ను చూసి ఆగిపోయిన పాఠం

హైదరాబాదు తిరిగొచ్చి వారం దాటింది. మోకాళ్ళ నొప్పి ఇంకా తగ్గలేదు. నాలుగు రోజుల ప్రయాణానికి ఇంత అలసట మిగులుతుందని అనుకోలేదు. గోదావరి జిల్లాలకు వెళ్ళొచ్చిన వాళ్ళంతా పచ్చదనం గురించి రాస్తారు. అది నేనూ చూశాను. కానీ నేను వెళ్ళింది ఒక కాగితం మీద సంతకం పెట్టనని చెప్పడానికి.

మా తాతగారు కోనసీమలోని ఒక లంక ఊళ్ళో బడికి ఎకరం స్థలం దానం రాశారు. పత్రంలో ఒక షరతు పెట్టారు. అక్కడ పాఠాలు తెలుగులో చెప్పాలి. అలా చెప్పడం మానేసిన రోజున స్థలం తిరిగి వారసులకు వస్తుంది. ఆ లంకలో ఒకప్పుడు సగం భూమి మాదే. ఇప్పుడు మిగిలినవి ఆ షరతు, మా ఇంటిపేరు, నేను.

ఈ వేసవి చివర ఆ బడి హెడ్‌మిస్ట్రెస్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఎనిమిదో తరగతితో ఆగిపోతున్న బడికి తొమ్మిది, పది వచ్చే అవకాశం ఉందట. అయితే తెలుగు సెక్షన్ ఎత్తేసి బడి మొత్తం ఇంగ్లీషు మీడియం కావాలి. రెండు మీడియాలకూ టీచర్లను ఇవ్వలేమని పైవాళ్ళు చెప్పారట. షరతు అడ్డుగా ఉంది కాబట్టి, నాకు అభ్యంతరం లేదని వారసుడిగా రాసివ్వాలి.

కుదరదని ఒక కార్డు ముక్క రాసి పడేస్తే సరిపోయేది. మా ఇంట్లో ఆ పద్ధతి లేదు. కాదనవలసి వస్తే మనిషి ఎదుట నిలబడి చెప్పాలి. అందుకే బయలుదేరాను. ఊరి పేరు రాయను. మనుషుల పేర్లు మార్చాను. ఇందులో కొందరి ఉద్యోగాల సంగతి కూడా ఉంది.

రాజమండ్రి

తెల్లవారుజామున రైలు దిగేసరికే చొక్కా వీపుకి అంటుకుంది. జూన్ నెలాఖరు. వాన పడేలా మబ్బు పట్టడమూ, పడకుండా విడిపోవడమూ. మా తండ్రిగారి కాలంలో స్టేషనుకు మా బండి వచ్చేది. నేను ఆటో ఎక్కాను.

హోటల్లో పెసరట్టు ఉప్మా అరవై రూపాయలు. హైదరాబాదులో దీనికి రెట్టింపు తీసుకుని సగం పెడతారు. "ఇంకో చుక్క అల్లం చట్నీ వెయ్యమంటారాండి?" అని వడ్డించే అతను మూడుసార్లు అడిగాడు. మా వీధిలో పాలవాడి నుంచి ఇంటి ఓనరు దాకా నన్ను "అంకుల్" అంటారు. ఇక్కడ ప్రతి మాటకూ చివర "అండి" వస్తోంది. నాకే వస్తోందని కాసేపు మురిసిపోయాను. పక్క బల్ల దగ్గర ఒకాయన ఫోనులో అప్పు ఎగ్గొట్టిన వాణ్ణి "సిగ్గు లేదాండి మీకు?" అని తిడుతున్నాడు. అది వినగానే నా మురిపెం తగ్గింది.

మెయిన్ రోడ్డులో పెద్ద గ్లాసుడు రోజ్‌మిల్కు తాగి, పక్కనే ఉన్న పుస్తకాల షాపులోకి వెళ్ళాను. ఎనిమిదో తరగతి సైన్సు గైడు తెలుగు మీడియంలో ఉందా అని అడిగాను.

"తెప్పించడం మానేశామండి. అడిగేవోళ్ళు లేరు" అన్నాడు షాపాయన.

"తెలుగు మీడియం పిల్లలు ఇంకా ఉన్నారు కదా?"

"ఎందుకు లేరండీ, ఉన్నారు. గైడు కొనేవోళ్ళు తెలుగు మీడియంలో లేరంతే."

లాడ్జి గది చేరేదాకా దారిలో స్కూళ్ళ బోర్డులు చదువుతూ నడిచాను. ఒక్కదాని మీదా తెలుగు అక్షరం లేదు. ఒక బోర్డు మీద మాత్రం "ఇచ్చట మూత్ర విసర్జన చేయరాదు" అని శుభ్రమైన తెలుగులో ఉంది.

పట్టిసీమ

భూమికి సంబంధించిన ఏ కాగితం మీదైనా చెయ్యి పెట్టే ముందు మా తాతగారు పట్టిసీమ వీరభద్రుణ్ణి చూసి వచ్చేవారట. నేను పెట్టనని చెప్పడానికి పోతున్నవాణ్ణి. అయినా వెళ్ళాను.

బస్సులో నా పక్క సీటులో ముప్పై అయిదేళ్ళ మనిషి ఒడిలో పుస్తకం పెట్టుకుని పెదవులు కదుపుతున్నాడు. దండకం అనుకున్నాను. తొంగి చూస్తే ఏడో తరగతి సైన్సు పుస్తకం. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. సర్కారు బడుల్లో ఇప్పుడు ఈ పుస్తకాలే ఇస్తున్నారు.

"పరీక్షకా?" అన్నాను.

"ఆయ్, రోజూ పరీక్షేనండి నాకు" అని నవ్వాడు. పేరు రమేష్, సైన్సు టీచరు. "నేను డిగ్రీ దాకా తెలుగు మీడియమండి. ఉద్యోగం వచ్చాక మీడియం మారింది. ఒక సర్కారు అదంటది, ఇంకో సర్కారు ఇదంటది, మనం బస్సులో చదువుకోవాలి."

"పిల్లలకు అర్థమవుతుందా?"

అతను తెలుగు పేజీ మీద వేలు పెట్టాడు. "అర్థం అయ్యేది ఇక్కడండి." వేలు ఇంగ్లీషు పేజీ మీదికి జరిపాడు. "మార్కులు పడేది ఇక్కడ. మధ్యలో ఈ కుట్టు ఉంది చూశారా? నా ఉద్యోగం దాని మీదండి."

"మీ పిల్లలు ఎక్కడ చదువుతున్నారు?"

"కాన్వెంటండి. తిట్టకండి, మా ఆవిడ ఒప్పుకోదు." తర్వాత మామూలుగా అడిగాడు. "తమరు ఏ మీడియమండి?"

"మా కాలంలో అలాంటివి లేవు" అన్నాను.

అది అబద్ధం. నేను చదివింది కాకినాడలో, కాన్వెంటులో. మా నాన్నగారూ అక్కడే. గుడికి వెళ్తూ అబద్ధమాడాననే బాధ పెద్దగా కలగలేదు. అతను ఇంకేమీ అడగకపోతే బాగుండునని మాత్రం అనిపించింది. అతను అడగలేదు. మళ్ళీ పెదవులు కదపడం మొదలుపెట్టాడు.

గోదావరిలోకి వరద ఎర్ర నీరు ఇంకా రాలేదు. పడవ దిగాక కొండ దాకా ఇసుకలో నడవాలి. పది అడుగులు వేశానో లేదో ఎడమ కాలి చెప్పు వారు పుటుక్కున తెగింది. కాలే ఇసుకలో ఒక కాలితో గెంతుతూ దర్శనానికి వెళ్ళిన వారసుణ్ణి వీరభద్రుడు ఏ కళ్ళతో చూశాడో తెలియదు. ఒడ్డుకు వచ్చాక దుకాణంలో నా కొలతకు దొరికినవి నీలం రంగు హవాయి చెప్పులు మాత్రమే. మా తాతగారు కిర్రు చెప్పులతో నడిచిన ఊరికి నేను వాటితో వెళ్ళాను.

పంటు మీద

మూడో రోజు రావులపాలెం మీదుగా బస్సులు మారి మధ్యాహ్నానికి ఏటి ఒడ్డుకు చేరాను. ఇక్కడి పాయ దాటడానికి రెండు పడవలు జోడించి పైన చెక్కలు పరుస్తారు. దాన్ని పంటు అంటారు. మోటారు సైకిళ్ళు, గడ్డి మోపులు, మనుషులు, ఒక గేదె, నేను.

నా పక్కన కొబ్బరి తాళ్ళ చుట్టలు పెట్టుకుని ఒకావిడ కూర్చుంది. నలభై ఏళ్ళుంటాయి. అరచేతులు గరుకుగా ఎర్రగా ఉన్నాయి. నా తెల్లచొక్కా చూసి, "బడికాండి?" అంది. అవునన్నాను.

"పై తరగతులు ఇస్తారంటారా ఈ ఏడైనా? మా పిల్ల ఎనిమిదండి. వచ్చే ఏడు ఈ పంటెక్కాలి. వరదొస్తే పంటు కట్టేస్తారు, నెల్లాళ్ళు బడి ఉండదు. పోయినేడు మా వీధిలో ముగ్గురు ఆడపిల్లల్ని మానిపించేశారు. మా ఆయన కూడా మానిపించేద్దాం అంటన్నాడు."

నేను ఏదో అనేలోగా పంటు నడిపే ముసలాయన గట్టిగా నవ్వాడు. "సత్యవతీ, ఎవర్ని అడుగుతున్నావే? ఆయన కామందుగారి మనవడు! ముక్కు చూడు, అదే ముక్కు." ఇక్కడ పెద్ద భూస్వామిని కామందు అంటారు. ఆ మాట విని ఎన్నేళ్ళయిందో. వెన్ను దానంతటదే నిటారు అయింది. ఆయన అదే ఊపులో, "వంతెన వస్తందంటే స్థలం రేటు పెరిగింది కదండీ. దానికోసమే వచ్చేరని ఊళ్ళో అనుకుంటన్నారు" అన్నాడు.

సత్యవతి నావైపు చూసింది. కోపంగా కాదు. తాళ్ళ చుట్టను నా కాళ్ళ దగ్గర్నుంచి తనవైపు లాక్కుంది, అంతే.

స్థలం మీద నాకు ఆశ లేదని అక్కడే చెప్పాల్సింది. ఒక గేదె పక్కన నిలబడి సంజాయిషీ చెప్పుకోవడం నాకు చేతకాలేదు.

బడి

నేను వస్తున్నది రేపని ఉత్తరంలో రాశాను. ఒకరోజు ముందు వచ్చినందువల్ల నా కోసం ఎవరూ ఎదురు చూడటం లేదు. వరండా పొడవునా నడిచాను. చివరి గదిలో పాఠం జరుగుతోంది.

"కొబ్బరి డొక్కలు ఏట్లో ఎందుకు పాతేస్తారర్రా?" అని టీచరమ్మ గొంతు.

"నానడానికండీ!"

"నానితే ఏమవుద్ది?"

"కుళ్ళుద్దండి. కుళ్ళితేనే పీచు వదులుద్ది" అని ఒక ఆడపిల్ల.

"ఎవరు కుళ్ళబెడతారు? మీ అమ్మా?"

గది అంతా నవ్వింది. "కంటికి కనపడనియ్యండి" అంది అదే పిల్ల. "మా అమ్మ అంటది, ఉప్పునీళ్ళలో ఒకలాగా, మంచినీళ్ళలో ఒకలాగా కుళ్ళుద్దని. రెండు చోట్లా వేరేవి ఉంటాయాండి?"

"నాకు తెలీదు. రేపు చదివి చెప్తాను" అంది టీచరమ్మ.

నేను అక్కడే నిలబడిపోయాను. మా కాన్వెంటులో ఏ పిల్లవాడూ అలా ఎదురు ప్రశ్న అడగలేదు. ఏ టీచరూ తెలియదనలేదు. ఇదే, మా తాతగారు కోరుకున్నది ఇదే అనుకుని ఒక అడుగు ముందుకు వేశాను.

ఆ ప్రశ్న అడిగిన పిల్లే కిటికీ పక్కన కూర్చుని ఉంది, నన్ను చూసింది. తల తిప్పి రెండుసార్లు దగ్గింది.

గది నిశ్శబ్దమైంది. పేజీలు తిరిగిన చప్పుడు. తరువాత ముక్తకంఠంతో, "మైక్రోఆర్గానిజమ్స్ ఆర్ వెరీ స్మాల్ లివింగ్ ఆర్గానిజమ్స్..."

నేను గుమ్మంలోకి వచ్చేసరికి అందరూ లేచి నిలబడి "గుడ్ ఆఫ్టర్‌నూన్ సార్" అన్నారు. టీచరమ్మ ముఖం పాలిపోయింది. నేను పేరు చెప్పాను. ఆవిడ కుర్చీలో కూలబడి, కొంగుతో ముఖం తుడుచుకుని నవ్వింది.

"అయ్యో, తమరాండీ! ఆఫీసరు అనుకున్నామండి. ఆ నడకా అదీ..." ఆవిడే హెడ్‌మిస్ట్రెస్ విజయలక్ష్మి గారు.

"ఆ దగ్గు ఏంటండి?" అన్నాను.

"మౌనిక డ్యూటీ అండి అది. తనిఖీకి వచ్చినోళ్ళు ఇంగ్లీషు సెక్షన్లో తెలుగు వినపడితే రాసేస్తారు. పోయినేడు నాకు మెమో కూడా వచ్చింది."

"ఇది ఇంగ్లీషు సెక్షనా? తెలుగు సెక్షన్ ఏది?"

ఆవిడ ఎడమవైపు రెండు బల్లలు చూపించింది. "వాళ్ళు తొమ్మిది మందండి. వీళ్ళు ముప్పై నలుగురు. గది ఒకటే, పాఠం ఒకటే, నేనూ ఒక్కదాన్నే. పరీక్ష కాగితం వేరు, రిజిస్టరు వేరు."

నేను కాపాడటానికి వచ్చిన తెలుగు మీడియం రెండు బల్లలు. హవాయి చెప్పులు వదిలి కూర్చున్నాను.

పీచు ఆరబెట్టిన వాకిట్లో

సాయంత్రం విజయలక్ష్మి గారు నన్ను మౌనిక ఇంటికి తీసుకెళ్ళారు. అది సత్యవతి ఇల్లు. వాకిలంతా పీచు ఆరబోసి ఉంది. ఆమె నన్ను గుర్తుపట్టింది. అయినా మంచం వాల్చి, మినప రొట్టె ముక్క మీద బెల్లం పానకం పోసి పెట్టింది. అంచు కరకరలాడుతూ లోపల మెత్తగా ఉంది. మా ఇంట్లో దీన్ని పనివాళ్ళ తిండి అనేవాళ్ళు. ఎంత పోగొట్టుకున్నామో అనుకుంటూ తిన్నాను.

మౌనిక తన సైన్సు నోటుపుస్తకం చూపించింది. గుండ్రటి ముద్దైన తెలుగు అక్షరాలు. సంతోషించి చదవబోయాను. "ఫెర్మెంటేషన్ ఈజ్ ద ప్రాసెస్ ఇన్ విచ్..." పేజీ తరువాత పేజీ అంతే. అక్షరం తెలుగు, మాట ఇంగ్లీషు.

"ఇలా రాసుకుంటే కంఠతా వచ్చేద్దండి" అంది.

"దీనికి అర్థం ఏమిటమ్మా?"

మౌనిక టీచరమ్మ వైపు చూసింది.

"డొక్కలు ఎందుకు కుళ్ళుతాయో మధ్యాహ్నం చెప్పావు కదా? ఇదీ అలాంటిదే."

"ఇదా అదీ!" అని పుస్తకం లాక్కుని మళ్ళీ చదువుకుంది.

నేను సత్యవతి వైపు తిరిగాను. "చూశావా అమ్మా, తెలుగులో చెబితే..."

"చూశానండి" అంది, తాడు పేనడం ఆపకుండా. "తమరు ఏ మీడియమండి?"

బస్సులో చెప్పిన జవాబు నోటిదాకా వచ్చింది. పిల్ల చూస్తోంది. "ఇంగ్లీషు. కాకినాడ కాన్వెంటు."

"మీ నాన్నగారో?"

"ఆయనా అంతే."

"అంటే మా తాతలకి తెలుగు రాసిచ్చి, మీరెళ్ళి ఇంగ్లీషు చదువుకున్నారన్నమాట."

"సత్యవతీ!" అన్నారు విజయలక్ష్మి గారు.

"తప్పుగా అంటన్నానాండి? తెలుగు వద్దనట్లేదు నేను. తెలుగు మా ఇంట్లో ఉంది, ఎంత కావాలంటే అంత. ఇంగ్లీషే లేదు. ఇంట్లో లేనిదాని కోసమే కదండీ పిల్లని బడికి పంపేది. అర్థమవ్వాలంటే టీచరమ్మ తెలుగులోనే చెప్తారు, అది ఎవరు ఆపుతారు? నాకు కావాల్సింది మాత్రం పదో తరగతి. ఏటికి ఇవతల."

ఎదురు చెప్పడానికి నా దగ్గర మాటలున్నాయి. తెలుగు కోసం ముప్పై ఏళ్ళుగా అనేక వేదికల మీద చెప్పినవే. ఆ వాకిట్లో ఒక్కటీ నిలబడేలా లేదు. పానకం గిన్నె ఖాళీ చేసి లేచాను.

ఆఫీసు గదిలో

మర్నాడు పొద్దున్నే దానపత్రం చూపించమని అడిగాను. మా ఇంట్లో దాని గురించి చెప్పుకోవడమే గాని నేను ఎన్నడూ చదవలేదు. పసుపు పచ్చని కాగితం, మడతల దగ్గర చిరిగి ఉంది. షరతు నేను విన్నట్టే ఉంది. దానికి ముందున్న మాట మాత్రం నాకెవరూ చెప్పలేదు: "ఈ గ్రామంలోని పిల్లలు జంకు లేకుండా అడిగి తెలుసుకొనుటకై".

ముందురోజు మధ్యాహ్నం ఆ గదిలో జంకు లేదు. నేను గుమ్మంలోకి వచ్చాక పుట్టింది.

"ఆ తొమ్మిది మంది సంగతి?" అని అడిగాను.

విజయలక్ష్మి గారు వేళ్ళు మడిచి లెక్కపెట్టారు. "ఆరుగురు నెట్టుకొస్తారండి. ముగ్గురికి కష్టం. పాఠం అర్థమయినా ఇంగ్లీషులో పరీక్ష రాయలేరు. వాళ్ళని నేను పోగొట్టుకుంటానేమో. నాకు తెలుసది."

"సంతకం పెట్టకపోతే?"

"పంటెక్కలేని ఆడపిల్లలు పోతారండి. ఏడాదికి నలుగురో ఐదుగురో."

రెండు లెక్కలూ ఆవిడ వేళ్ళ మీదే ఉన్నాయి. ఏ ఉత్తర్వులోనూ ఈ రెండూ పక్కపక్కన రాసి నేను చూడలేదు. ఇంగ్లీషు కావాలనే వాళ్ళు ఆ ముగ్గురి పేర్లు ఎత్తరు. తెలుగు కావాలనే నాలాంటి వాళ్ళకు పంటు సంగతి తెలియదు.

కలం తీశాను. అభ్యంతరం లేదని, ఆ స్థలం మీద నాకూ నా తరువాతి వాళ్ళకూ ఏ హక్కూ లేదని తెలుగులోనే రాశాను. నా తరువాత ఎవరూ లేరు, అయినా రాయడం పద్ధతి. కింద ఇంకో వాక్యం మొదలుపెట్టాను. "అయితే పాఠము మాత్రము పిల్లలకు అర్థమగు భాషలో..."

విజయలక్ష్మి గారు కాగితం మీద చెయ్యి అడ్డు పెట్టారు. "అది రాయకండి బాబుగారూ. రాస్తే ఎవరో చదువుతారు. చదివితే ఆపమంటారు. రాయకపోతే జరుగుద్ది."

మా వంశంలో ఏ మాటైనా కాగితం మీద పెట్టాకే మాట అయ్యేది. ఆ సగం వాక్యాన్ని కొట్టేసి, పక్కన పొడి సంతకం చేసి, కింద పూర్తి సంతకం పెట్టాను. ఆవిడ బీరువాలో దాచి తాళం వేసి, "ఉండండి, కాఫీ తెప్పిస్తాను" అన్నారు. వద్దన్నాను. పంటుకు వేళవుతోంది.

తిరుగు దారి

గేటుకు వెళ్ళాలంటే ఆ చివరి గది కిటికీ ముందు నుంచే వెళ్ళాలి. వేరే దారి లేదు. బ్యాగు బరువుగా ఉంది. ఎడమ కాలి వేళ్ళ మధ్య హవాయి చెప్పు ఒరుసుకుని పుండు పడింది. మెల్లగా నడిచాను.

అప్పటికే విజయలక్ష్మి గారు క్లాసుకు వెళ్ళిపోయారు. లోపలి నుంచి గొంతు వినిపిస్తోంది. "రాత్రి చదివానర్రా. ఉప్పునీళ్ళలో ఉండేవి వేరు, మంచినీళ్ళలో ఉండేవి వేరు. మీ అమ్మ చెప్పింది నిజమే."

"మరి ఏది తొందరగా కుళ్ళబెడుద్దండి?"

కిటికీ దగ్గర నా అడుగు ఆగింది. మౌనిక తల ఎత్తి నన్ను చూసింది. నా వీపు ఇంకా నిటారుగానే ఉంది, చొక్కా తెల్లగానే ఉంది. నేను దగ్గు కోసం ఎదురు చూశాను.

మౌనిక పుస్తకంలోకి తల దించుకుంది. లోపల పాఠం తెలుగులో సాగుతూనే ఉంది.